జనరల్ బోగీ ప్రయాణికుడికి ఏమైంది?

(గ్రంథాలయ వారోత్సవాల సభలో, టికెట్ తనిఖీ విభాగంలో పనిచేసి రిటైరయిన ఒక రైల్వే ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, గ్రంథాలయ సిబ్బందికి, పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్లలు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

కరోనా కాలంలో రైలు ప్రయాణం గురించి, మాస్కు నిబంధన గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. ఆ రోజుల్లో నేను ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాను. బోగీ లోపల చూసింది కొంత, కాగితాల మీద చదివింది కొంత చెబుతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ రెండేళ్లలో రైల్వే పెట్టిన నియమాలు చాలావరకు మంచి ఉద్దేశంతో పెట్టినవే. కానీ వాటిని రాసిన చేతులకు కనబడింది రిజర్వేషన్ చేయించుకున్న ప్రయాణికుడు. ఇరవై రూపాయల టికెట్ కొనుక్కుని జనరల్ బోగీ ఎక్కే మనిషి ఆ లెక్కలో లేడు. జబ్బు తగ్గింది, మాస్కులు పోయాయి. అతని దగ్గర తీసుకున్నవి మాత్రం చాలా ఆలస్యంగా తిరిగి వచ్చాయి. కొన్ని ఇప్పటికీ రాలేదు.

మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణేకు నడిచింది. తర్వాత యుద్ధాలు వచ్చాయి, తుఫానులు వచ్చాయి, 1974 మేలో ఇరవై రోజుల సమ్మె జరిగింది. ఇన్ని జరిగినా దేశమంతటా ప్రయాణికుల బండ్లన్నీ ఒకేసారి ఆగిపోయిన రోజు లేదు. 2020 మార్చి 22న, జనతా కర్ఫ్యూ రోజున, అన్నిటినీ ఆపమని ఉత్తర్వు వచ్చింది. మొదట మార్చి 31 దాకా అన్నారు, తర్వాత ఏప్రిల్ 14 అన్నారు, ఆ తర్వాత మే 3. గూడ్సు బండ్లు మాత్రం ఆగలేదు. రేణిగుంట నుంచి ఢిల్లీకి పాల బండి వెళుతూనే ఉంది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో దేశంలో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ బయలుదేరింది కూడా మన విశాఖ ఉక్కు కర్మాగారం నుంచే. ముంబై దగ్గరి కళంబోలి నుంచి ఖాళీ ట్యాంకర్లు వచ్చాయి, ఇక్కడ నింపుకుని నాగపూర్, నాసిక్ వెళ్లాయి. ఆ బండ్లు నడిపిన లోకో పైలట్లు, గార్డులు, సిగ్నలు సిబ్బంది, పట్టాలు చూసే ట్రాక్‌మన్లు ఇంట్లో కూర్చోలేదు. 2021 మే 10 నాటికి 1,952 మంది రైల్వే ఉద్యోగులు కోవిడ్‌తో చనిపోయారని రైల్వే బోర్డు అధ్యక్షుడే ప్రకటించారు. వారికి ఈ సభ నుంచి నమస్కరించి ముందుకు వెళతాను.

మన ప్రాంతంతో గట్టి సంబంధం ఉన్న విషయం ఒకటి ఉంది, దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. లాక్‌డౌన్‌లో వలస కార్మికుల కోసం నడిపిన మొట్టమొదటి శ్రామిక్ రైలు హైదరాబాదు పక్కన లింగంపల్లి నుంచి బయలుదేరింది. 2020 మే 1 తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే. జార్ఖండ్‌లోని హటియా దాకా వెళ్లింది. అందులో ఉన్నవారు సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ నిర్మాణ పనులకు వచ్చిన కూలీలు. పని లేదు, కూలి డబ్బులు అందలేదు, ఊరికి పోయే దారి లేదు. ఏప్రిల్ 29న వారు రోడ్డు మీదికి వచ్చి ఆందోళన చేశారు. రెండు రోజులు తిరగకముందే రైలు కదిలింది. మొత్తం 24 బోగీలు, సుమారు 1,200 మంది. 72 మంది పట్టే బోగీలో 54 మందిని మాత్రమే కూర్చోబెట్టారు. ఆర్టీసీ బస్సుల్లో రాత్రికి రాత్రి తీసుకువచ్చి, జ్వరం ఉందో లేదో చూసి, భోజనం పొట్లాలు ఇచ్చి ఎక్కించారు. ఆ రాత్రి పదకొండు దాటాక హటియాలో దిగారు.

ఈ బండిని తలుచుకుంటే నాకు రెండు విషయాలు తోస్తాయి. తలుచుకుంటే ఒక్క రాత్రిలో బండి సిద్ధమవుతుంది. దూరం పాటించి, అందరికీ సీటు ఇచ్చి, పేదవాణ్ణి రైల్లో తీసుకువెళ్లవచ్చు. ఇది మొదటిది. మరి ఆ పని ఏప్రిల్ నెలలో ఎందుకు జరగలేదు? ఇది రెండోది. దీనికి నాకు ఇప్పటికీ సరైన జవాబు దొరకలేదు.

ఎందుకంటే, వారం తిరిగేసరికి మే 8న మహారాష్ట్రలో ఔరంగాబాద్ దగ్గర కర్మాడ్‌లో ఏం జరిగిందో మీకు గుర్తుంది. జాల్నాలో ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసే మధ్యప్రదేశ్ కూలీలు, భుసావల్‌లో రైలు దొరుకుతుందని పట్టాల వెంట నడిచారు. అలసిపోయి పట్టాల మీదే నిద్రపోయారు. రైళ్లు నడవడం లేదు కదా అనుకున్నారు. తెల్లవారుజామున గూడ్సు బండి వచ్చింది. పదహారు మంది పోయారు. వారు వెంట తెచ్చుకున్న రొట్టెలు పట్టాల మధ్య పడి ఉన్న ఫొటో మర్నాడు దేశమంతా చూసింది. ఆ లోకో పైలట్ హారను కొట్టాడు, బ్రేకు వేశాడు, బండి ఆగలేదు. రైల్వేలో పనిచేసిన ఎవరినైనా అడగండి, ఆ సంగతి తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది.

ఆగస్టు చివరికి 4,621 శ్రామిక్ రైళ్లు నడిచాయి. 63 లక్షల మందికి పైగా ఇళ్లకు చేరారు. ఇది చిన్న పని కాదు. అదే సమయంలో, ఆ రైళ్లలో ప్రయాణిస్తూ 97 మంది చనిపోయారని మంత్రిగారే రాజ్యసభలో చెప్పారు. ఎండలు, గంటల తరబడి దారిలో ఆగిపోయిన బండ్లు, నీళ్ల కొరత, అంతకుముందే ఉన్న జబ్బులు, అన్నీ కలిశాయి. టికెట్ డబ్బు ఎవరు పెట్టుకోవాలన్నది కేంద్రం, రాష్ట్రాల మధ్య వాదన అయింది. చివరికి మే 28న సుప్రీంకోర్టు, కూలీల దగ్గర రైలు చార్జీ తీసుకోకూడదని ఆదేశించింది. అప్పటికి రైళ్లు మొదలై నాలుగు వారాలు.

ఇక మామూలు ప్రయాణికుల సంగతి. మే 12న ఢిల్లీ నుంచి పదిహేను నగరాలకు ఏసీ బండ్లు వదిలారు, అందులో సికింద్రాబాదు ఒకటి. జూన్ 1న నూరు జతలు వదిలారు. మన తెలంగాణ, గోదావరి, ఫలక్‌నుమా, రాయలసీమ, గోల్కొండ ఆ జాబితాలోనివే. అప్పటి నిబంధనలు మీలో చాలామంది మరచిపోయి ఉంటారు. బండి కంటే గంటన్నర ముందు స్టేషనుకు రావాలి. టికెట్ ఖరారైతేనే లోపలికి రానిస్తారు. నుదుటి దగ్గర యంత్రం పెట్టి జ్వరం చూస్తారు. దుప్పట్లు, దిండ్లు ఉండవు, ఏసీ బోగీల్లో తెరలు తీసేశారు. వండిన భోజనం అమ్మరు.

మా టికెట్ తనిఖీ వాళ్లకు కోటు, టై వద్దన్నారు. మాస్కు, ముఖానికి అడ్డుగా ప్లాస్టిక్ షీల్డు, చేతి తొడుగులు ఇచ్చారు. టికెట్‌ను ముట్టుకోకుండా దూరం నుంచి చదవడానికి భూతద్దం కూడా ఇవ్వాలన్నారు. ఆ షీల్డు మీద శ్వాస పట్టి మసకబారుతుంది. ఫోన్ తెర మీద పీఎన్ఆర్ నంబరు కనబడదు. కూర్చున్న మనిషి టికెట్ మీద ఉన్న మనిషేనా అని చూడాలంటే గుర్తింపు కార్డులోని ఫొటోతో ముఖం పోల్చాలి. అంటే మాస్కు పెట్టించాల్సిన ఉద్యోగే ‘కాస్త కిందికి దించండి’ అని అడగాలి. నేను నడవలో నాలుగు అడుగులు వెనక్కి వెళ్లి అడిగేవాణ్ణి. ఇలాంటి చిక్కులు ఉత్తర్వులు రాసే బల్ల దగ్గర కనబడవు.

అసలు సంగతి జనరల్ బోగీది. జూన్ 1 బండ్లలో జనరల్ బోగీలు ఉన్నాయి, కానీ వాటికీ రిజర్వేషన్ తప్పనిసరి చేశారు. సెకండ్ సిట్టింగ్ చార్జీ, దానిమీద రిజర్వేషన్ రుసుము. కిక్కిరిసి వెళ్లకూడదు కాబట్టి ఇది సబబే కదా అంటారు. ఆరోగ్యపరంగా సబబే. అయితే అలా ఎక్కలేకపోయిన వాళ్ల కోసం ఇంకో బండి వేయాలి. ముందు రోజు నిర్ణయించుకుని, ఫోనులో టికెట్ తీసుకోగలిగిన మనిషికి సీటు దొరికింది. పొద్దున ఫోను వస్తే అప్పటికప్పుడు బయలుదేరేవాడికి, కూలి పనికి నలభై కిలోమీటర్లు వెళ్లేవాడికి, కూరగాయల గంప ఎత్తుకుని పక్క పట్నం సంతకు పోయే అమ్మకు దారి మూసుకుపోయింది. బస్సు టికెట్ నాలుగైదు రెట్లు పెట్టి వెళ్లారు, లేదా మానుకున్నారు. సామాన్య రెండో తరగతిని మళ్లీ రిజర్వేషన్ లేకుండా చేయమని రైల్వే బోర్డు ఉత్తర్వు ఇచ్చింది 2022 ఫిబ్రవరి 28న. అప్పటికే అమ్మిన ముందస్తు టికెట్ల గడువు తీరాలి కనుక, చాలా బండ్లలో అది అమలయ్యేసరికి ఆ ఏడాది మధ్యకు వచ్చింది. అంటే రెండేళ్లు దాటింది.

హైదరాబాదులో ఇది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. మెట్రో రైలు 2020 సెప్టెంబరు 7న తిరిగి మొదలైంది. నగరంలో తిరిగే లోకల్ రైలు ఎమ్ఎంటీఎస్ 2021 జూన్ 23న మొదలైంది. మధ్యలో తొమ్మిది నెలల తేడా. వైరస్ రెండింటికీ ఒకటే, ఊరూ ఒకటే. అప్పట్లో మెట్రోలో కనీస టికెట్ పది రూపాయలు, ఎమ్ఎంటీఎస్‌లో అయిదు రూపాయలు. లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా దాకా ఆ బండి మీద బతికేది ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, చిన్న దుకాణాల్లో గుమాస్తాలు. పదిహేను నెలలు వారు ఎలా తిరిగారో ఎవరూ లెక్క రాసి పెట్టలేదు.

దేశం మొత్తం మీద అంకెలు చూడండి. 2019-20లో రైళ్లలో సుమారు 808 కోట్ల ప్రయాణాలు జరిగాయి. 2020-21లో 125 కోట్లు. ప్రయాణికుల మీద వచ్చే ఆదాయం 50 వేల కోట్ల నుంచి 15 వేల కోట్లకు పడిపోయింది. రైల్వే నష్టపోలేదని నేను అనడం లేదు. చాలా నష్టపోయింది.

ఇప్పుడు మాస్కు సంగతికి వస్తాను. మొదటి ఏడాది మాస్కు ‘తప్పనిసరి’ అని రాసి ఉంది కానీ రైల్లో దానికంటూ ప్రత్యేకమైన జరిమానా లేదు. 2020 అక్టోబరులో, పండుగ రద్దీ ముందు, రైల్వే రక్షక దళం ఒక హెచ్చరిక చేసింది. మాస్కు లేకుండా తిరిగితే 1989 నాటి రైల్వే చట్టంలోని 145, 153, 154 సెక్షన్ల కింద కేసు పెట్టవచ్చని. 153 అంటే ప్రయాణికుల భద్రతకు హాని కలిగించే పనులకు పెట్టే సెక్షన్, అయిదేళ్ల దాకా జైలు. బోగీలో మాస్కు జారిపోయిన ముసలాయన మీద ఆ సెక్షన్ ఎవరు పెడతారు? పెట్టకూడదు కూడా. తర్వాత రెండో అల ఉరుముతున్నప్పుడు, 2021 ఏప్రిల్ 17న, 500 రూపాయల దాకా జరిమానా అని ఉత్తర్వు వచ్చింది. దాన్ని 2012 నాటి పరిశుభ్రత నిబంధనల్లో చేర్చారు, అంటే ఉమ్మి వేయడానికి పడే జరిమానా పక్కన. మొదట ఆరు నెలలకు, తర్వాత 2022 ఏప్రిల్ దాకా పొడిగించారు.

మాస్కు మీద నాకు పూర్తి నమ్మకం ఉంది, అది తేటగా చెబుతున్నాను. చైనాలో హైస్పీడ్ రైళ్ల మీద తొలి నెలల్లో చేసిన ఒక పెద్ద పరిశీలన ఉంది. రోగి పక్క సీటులో కూర్చున్నవారిలో సుమారు 3.5 శాతం మందికి అంటుకుంది. రోగి లేచి వెళ్లాక అదే సీటులో కూర్చున్నవారిలో వెయ్యికి ఒకరికి కూడా రాలేదు. దీన్నిబట్టి ఏం తెలుస్తుంది? ప్రమాదం పక్కన ఉన్న మనిషి శ్వాసలో ఉంది, రెక్సిన్ సీటులో లేదు. మనం చేసిందేమిటి? దుప్పట్లు, తెరలు రెండేళ్లు తీసేశాం, 2022 మార్చిలో తిరిగి ఇచ్చాం. బెర్తుల మీద మందు చల్లాం. ఏసీ బోగీల్లో బయటి గాలి ఎక్కువ తీసుకునే ఏర్పాటు చేశాం, అది మంచి పని. మనుషుల మధ్య ఖాళీ ఉంచే పని మాత్రం శ్రామిక్ రైళ్లలో మొదట్లో కొన్నాళ్లు చేసి వదిలేశాం. మామూలు ప్రయాణికుల కోసం ‘ప్రత్యేక’ రైళ్లన్న పేరుతో నడిపిన బండ్లలో మధ్య బెర్తు కూడా అమ్మాం.

మాస్కు రైల్లో ఎందుకు కష్టమో, బస్సులో అంత కష్టం ఎందుకు కాదో ప్రయాణం చేసినవాడికి తెలుసు. సిటీ బస్సులో అరగంట. విశాఖ నుంచి హైదరాబాదుకు రాత్రంతా. త్రీటయర్‌లో ఒక అరలో ఎదురెదురుగా ఆరుగురు, పక్కన ఇద్దరు. రాత్రి ఎనిమిదిన్నర అయ్యేసరికి ఎనిమిది డబ్బాలూ ఒకేసారి తెరుచుకుంటాయి. పులిహోర, చపాతీ, పెరుగన్నం. ఎనిమిది మాస్కులూ ఒకేసారి దిగుతాయి. అంతసేపూ జాగ్రత్తగా ఉన్నది ఆ ఇరవై నిమిషాల్లో పోతుంది. తింటూ మాట్లాడకుండా ఉండే జాతి కాదు మనది. నేను ఆ వేళకు అటువైపు వెళ్లి, ‘ఇద్దరిద్దరు చొప్పున తినండి, మిగతావాళ్లు అప్పటిదాకా మాస్కు తీయకండి’ అని చెప్పేవాణ్ణి. చాలామంది విన్నారు. పెద్దవాళ్లు ముందు తినేవారు, పిల్లలున్న తల్లులు వెంటనే, కుర్రవాళ్లు ఆఖర్న. ఈ ఒక్క మాట మైకులో చెప్పించి ఉంటే, స్టేషన్లో గోడ మీద రాయించి ఉంటే ఎంతో మేలు జరిగేది. మేం వినిపించిందంతా జరిమానా ప్రకటన.

ఇంకొక సంగతి. జేబులో నాలుగు మాస్కులు పెట్టుకుని వెళ్లేవాణ్ణి. రసీదు పుస్తకం తీస్తే వాదన మొదలవుతుంది, నలుగురూ గుమిగూడతారు, అరుపుల్లో అందరి మాస్కులూ జారతాయి. మాస్కు చేతికిస్తే మారు మాట లేకుండా పెట్టుకుంటారు. కొంగు ముక్కు మీదికి లాక్కుని కూర్చున్న పెద్దావిడకు 500 రూపాయలంటే రెండు రోజుల కూలి. ఆమెకు పది రూపాయల మాస్కు మనమే ఇవ్వాలి. రైల్వే వర్క్‌షాపులు 2020లో సొంతంగా మాస్కులు కుట్టించాయి, అంటే చేతకాక కాదు. టికెట్‌తో పాటు మాస్కు ఇచ్చే పద్ధతి పెట్టి, ఆ తర్వాత కూడా పెట్టుకోనివాడికి జరిమానా వేసి ఉంటే ఆ ఉత్తర్వును నేను నిండు మనసుతో సమర్థించేవాణ్ణి. చదువుకుని, డబ్బుండి, ‘నాకు రాదులే’ అని మాస్కు గడ్డం కింద పెట్టుకుని ఫోనులో అరిచే మనిషికి జరిమానా వేయడంలో నాకు ఎలాంటి మొహమాటమూ లేదు.

కొంచెం వెనక్కి వెళ్లి ఒక మాట. 1896లో బొంబాయిలో ప్లేగు మొదలైంది. మరుసటి ఏడాది అంటువ్యాధుల చట్టం వచ్చింది. 2020లో రాష్ట్రాలు బయటికి తీసింది ఆ 1897 చట్టాన్నే. రైలు ప్రయాణికులను తనిఖీ చేసే అధికారం ఆ చట్టంలో పేరు పెట్టి మరీ రాసి ఉంది. అప్పట్లో స్టేషన్లలో బండి దింపి పరీక్షలు చేసేవారు, అనుమానం వస్తే శిబిరాల్లో ఉంచేవారు. మొదటి తరగతిలో వచ్చేవారికి ఒక తీరు, మూడో తరగతి వారికి ఒక తీరు. చట్టం నూట ఇరవై మూడేళ్లు బతికింది. ఆ తేడా కూడా దానితో పాటే బతికిందా అని ఆలోచిస్తే బాధ కలుగుతుంది.

ఇప్పుడు, ఆలస్యంగా తిరిగి వచ్చినవాటి గురించి, తిరిగి రానివాటి గురించి.

ప్యాసింజర్ బండ్లను ‘ప్రత్యేక’ రైళ్లనీ, ఎక్స్‌ప్రెస్‌లనీ నడిపి, కనీస టికెట్‌ను పది నుంచి ముప్పై రూపాయలు చేశారు. 2021 నవంబరు 12న ‘ప్రత్యేక’ రైళ్ల పద్ధతి ఎత్తేయమని ఉత్తర్వు ఇచ్చారు. ఎక్స్‌ప్రెస్ చార్జీలు మామూలుకు వచ్చాయి. చిన్న బండ్లలో మాత్రం ముప్పై అలాగే ఉండిపోయింది. 2024 ఫిబ్రవరి చివరలో పదికి దించారు. మాస్కు నిబంధన పోయిన దాదాపు రెండేళ్లకు.

పెద్దవారి రాయితీ. అరవై నిండిన పురుషులకు 40 శాతం, యాభై ఎనిమిది నిండిన స్త్రీలకు 50 శాతం ఉండేది. 2020 మార్చి 20న ఆపారు. కారణం ఏం చెప్పారు? పెద్దవారు అనవసరంగా ప్రయాణం చేయకుండా ఉండాలని. అప్పటికి ఆ మాటలో న్యాయం ఉంది. ఇప్పుడు ఆ కారణం ఎక్కడుంది? మొదటి రెండేళ్లలోనే దీనివల్ల రైల్వేకు అదనంగా సుమారు 1,500 కోట్లు వచ్చాయని సమాచార హక్కు కింద వచ్చిన జవాబులో ఉంది. కనీసం స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో అయినా తిరిగి ఇవ్వండని పార్లమెంటు స్థాయీ సంఘం అడిగింది. ప్రతి ప్రయాణికుడికీ టికెట్ మీద ఇప్పటికే సగటున 46 శాతం రాయితీ ఇస్తున్నాం కదా అన్నది ప్రభుత్వం జవాబు. అలాంటి రాయితీ 2020కి ముందు కూడా ఉంది కదండీ. అప్పుడు ఇవ్వగలిగింది ఇప్పుడెందుకు ఇవ్వలేరు?

మూడోది హాల్టులు. కొత్త టైం టేబుల్ పేరుతో చిన్న స్టేషన్లలో ఆగే బండ్లు తగ్గిపోయాయి. దీని మీద మీరు చేయగలిగిన పని ఉంది, అది చెప్పి ముగిస్తాను. హాల్టు తిరిగి ఇవ్వమని డివిజనల్ కార్యాలయానికి రాస్తే, వారు చూసే మొదటి విషయం ఆ స్టేషన్లో రోజుకు ఎన్ని టికెట్లు అమ్ముడవుతున్నాయన్నది. బండే ఆగని చోట టికెట్లు ఎలా అమ్ముడవుతాయి? కాబట్టి ఇప్పటి లెక్క మీద వాదించకండి. 2019 ఏప్రిల్ నుంచి 2020 మార్చి దాకా మీ స్టేషన్లో నెలవారీగా అమ్మిన టికెట్లు, సీజన్ టికెట్ల లెక్క సమాచార హక్కు చట్టం కింద అడగండి. పది రూపాయల రుసుము, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు ధ్రువపత్రం ఉన్నవారికి అదీ అక్కర్లేదు. ఆ లెక్క జతచేసి, బండి నంబరు, పాత టైం టేబుల్‌లో అది ఆగిన సమయం రాసి, మీ ఊరి పంచాయతీ తీర్మానంతో పంపండి. ఎంపీగారికి ఒక నకలు ఇవ్వండి. దరఖాస్తు ఎలా ఉండాలో రాసి తెచ్చాను, కార్యదర్శిగారి బల్ల మీద ఉంది, కావలసినవారు తీసుకోండి. ఏ ఊరి వారు ఏ బండి అడుగుతారో ఇప్పుడే చెబితే, సభ అయిపోయాక కూర్చుని రాసేద్దాం.